తొలి పొగ కోడి తొడకే!

కొత్తగా స్మోకర్ కొన్నవాళ్లు మొదట చెయ్యి పెట్టేది బ్రిస్కెట్ మీద. చెయ్యి కాల్చుకునేదీ అక్కడే. కాస్త కొవ్వు, కాస్త ఎముక ఉన్న చవక ముక్కతో మొదలుపెడితే వేడి కొంచెం అటూ ఇటూ అయినా వంట చెడదు. ఏది ముందు, ఏది తర్వాత? ఎంత వేడి, ఎంతసేపు? పొగ వంటలో ఓనమాలు ఈ వారం.

మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. ఆనాటి నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా అక్కడ పెరటి వంటల కాలం. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లోనూ అంతే. శనివారం పొద్దున్నే ఎవరో ఒకరి పెరట్లోంచి హికరీ కట్టె పొగ కంచె దాటి వస్తుంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. అది చూసి ఇంకొకరు స్మోకర్ కొంటారు.

నిప్పుల మీద మాంసం కాల్చడం మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ వీధుల్లో సీకులు తిప్పడం రోజూ చూసేదే. అక్కడ నిప్పు కింద, మాంసం పైన. నిమిషాల్లో పని అయిపోతుంది. స్మోకర్‌లో మాత్రం నిప్పు సెగ నేరుగా మాంసానికి తగలదు. మూత బిగించిన పెట్టెలో వేడి గాలి, కట్టె పొగ కలిసి తిరుగుతూ గంటల తరబడి దాన్ని ఉడికిస్తాయి. లోపలి వేడి సాధారణంగా 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్. అమెరికా థర్మామీటర్లలో 225 నుంచి 275 ఫారెన్‌హీట్. కేకు చేసే ఓవెన్ వేడి కన్నా ఇది తక్కువే.

ఇంత నెమ్మది వంటకు ఏ ముక్క పడితే ఆ ముక్క పనికిరాదు. ఆ సంగతి తెలియకపోతే రోజంతా కాపలా కాసి, చివరికి ఎండిన పీచు నమలాల్సి వస్తుంది.

బ్రిస్కెట్ రెండో ఏడు పాఠం

టెక్సస్‌లో స్మోకర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గొడ్డు రొమ్ము భాగమైన బ్రిస్కెట్. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రైలర్‌లో మొదలైన ఫ్రాంక్లిన్ బార్బెక్యూ ముందు జనం పొద్దున్నుంచే బారులు తీరేవారు. 2015లో ఆరన్ ఫ్రాంక్లిన్‌కు జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చాక బ్రిస్కెట్ మోజు ఇంకా పెరిగింది. యూట్యూబ్ నిండా దాని వీడియోలే. గొడ్డు మాంసం తినే ఇళ్లలో కొత్త స్మోకర్ మీదికి నేరుగా అదే ఎక్కడానికి కారణం ఇదే.

చిక్కంతా దాని నిర్మాణంలో ఉంది. బ్రిస్కెట్‌లో రెండు కండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒకటి పల్చన, కొవ్వు తక్కువ. రెండోది మందం, కొవ్వు దండిగా ఉంటుంది. మందపాటిది మెత్తబడేలోపు పల్చటిది ఎండిపోవచ్చు. ఐదారు కిలోల ముక్క, పన్నెండు పదిహేను గంటల వంట, రాత్రంతా నిప్పు కాపలా. పైగా ఖరీదు. నిప్పు అదుపు చేయడం చేతకాని రోజుల్లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

చవక ముక్కే సులువు

కొత్తవాళ్లకు కావాల్సింది తప్పు కాచే మాంసం. వేడి కాస్త పెరిగినా, తీయడం అరగంట ఆలస్యమైనా చెడని ముక్క. ఆ గుణం రెండింటి వల్ల వస్తుంది. ఒకటి కొవ్వు. రెండోది కండల్లో అల్లుకుని ఉండే కొల్లాజెన్. జంతువు ఎక్కువగా వాడే జబ్బ, తొడ, మెడ కండల్లో ఇది ఎక్కువ. హడావుడిగా వండితే ముక్క నమలలేం. 70 డిగ్రీలు దాటిన వేడిలో నెమ్మదిగా మగ్గితే కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. పాయా చల్లారాక గడ్డకట్టేది ఈ జెలటిన్ వల్లే.

కోడి రొమ్ము, నడుం దగ్గరి మెత్తటి కండ లాంటి ముక్కల్లో కరగడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఉన్న నీరు కాస్తా పోతే ఇక మిగిలేది పీచే. అందుకే స్మోకర్ దగ్గర ధరల లెక్క తిరగబడుతుంది. చవక ముక్క సులువు, ఖరీదైన ముక్క కష్టం.

ఈ వంట చరిత్రా అదే చెబుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గుంతలు తవ్వి, నిప్పుల మీద రాత్రంతా పందుల్ని కాల్చే చాకిరీ బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లది. నేటి బార్బెక్యూకు పునాది వాళ్ల పనితనమే. మధ్య టెక్సస్‌లో జర్మన్, చెక్ వలసదారులు మాంసం దుకాణాలు పెట్టి, అమ్ముడుపోని ముక్కలకు పొగబెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. లాక్‌హార్ట్‌లో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ ఆ కోవలోదే. ఖరీదైన మాంసం ఏరుకునే వీల్లేని చోట పుట్టిన వంట ఇది.

మొదటి మెట్టు: కోడి తొడలు

మన ఊళ్లలో చికెన్ కొట్టు ముందు బోర్డు మీద రెండు ధరలుంటాయి: విత్ స్కిన్, స్కిన్‌లెస్. కూరకు స్కిన్‌లెస్ తీసుకునే అలవాటు మనది. స్మోకర్‌కు మాత్రం చర్మం, ఎముక రెండూ ఉన్న తొడ ముక్కలే కావాలి. చర్మం కింది కొవ్వు కరుగుతూ మాంసాన్ని ఎండనివ్వదు. ఎనిమిది ముక్కలు పెడితే ఒకటి పాడైనా ఏడు మిగులుతాయి. వంట గంటన్నరలో ముగుస్తుంది కాబట్టి చేసిన తప్పేమిటో ఆ పూటే తెలిసిపోతుంది.

ముందు రోజు రాత్రి కిలో ముక్కలకు రెండు టీస్పూన్ల ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచండి. తెల్లారేసరికి చర్మం తడి ఆరి బిగుస్తుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్దతో తడి మసాలా దట్టించడం ఇక్కడ పనికిరాదు, ఆ పూత కింద చర్మం కరకరలాడదు. మిరియాల పొడి, కాశ్మీరీ కారం, ధనియాల పొడి, వెల్లుల్లి పొడి చాలు.

స్మోకర్‌ను 135 డిగ్రీల దగ్గర నిలపండి. 107 దగ్గర వండితే మాంసం బాగానే ఉంటుంది గానీ చర్మం రబ్బరులా సాగుతుంది. మొదటి అరగంట ముక్క పాలిపోయి, ఇది ఉడుకుతుందా అన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత చర్మం ముడుచుకుని ఎముక చివర బయటపడుతుంది. అంచుల వెంట కొవ్వు చిటపటమంటుంది. గంట దాటాక పైభాగం ఇటుక రంగుకు తిరుగుతుంది. అప్పుడు థర్మామీటర్ ములుకును ఎముకకు తగలకుండా మందమైన చోట గుచ్చి చూడండి. 74 డిగ్రీలు చూపిస్తే తినడానికి సురక్షితం. తొడ ముక్క రుచి మాత్రం 80 నుంచి 85 మధ్యే బాగుంటుంది, అప్పటికి గాని కొల్లాజెన్ కరగదు. రొమ్ము ముక్క ఆ వేడికి ఎండిపోయేది. తొడ ఎండదు. మొదటి వంటకు దాన్ని ఎంచుకోమనేది ఇందుకే.

తొడలు చేతికి అలవాటయ్యాక కోడిని మొత్తంగా పెట్టొచ్చు. కత్తెరతో వెన్నెముక తీసేసి, పుస్తకం తెరిచినట్టు పరిస్తే సమంగా ఉడుకుతుంది. అలబామా రాష్ట్రం డెకటర్‌లో 1925 నుంచి నడుస్తున్న బిగ్ బాబ్ గిబ్సన్ హోటల్లో పొగబెట్టిన కోడిని మయొనైజ్, వెనిగర్, మిరియాలు కలిపిన తెల్ల సాస్‌లో ముంచి ఇస్తారు. పొగ ఘాటుకు ఆ పులుపు బాగా పడుతుంది. నిమ్మరసం పిండిన గట్టి పెరుగు, మిరియాలతో మనమూ ఆ పని కానివ్వొచ్చు.

రెండో మెట్టు: సాసేజ్‌లు

ఇందులో మన కష్టం తక్కువ. ఉప్పు, మసాలా, కొవ్వు అన్నీ లోపల కలిపే ఉంటాయి. పైన ఉన్న పొర రసాన్ని పోనివ్వదు. టెక్సస్‌లో ఎల్గిన్ పట్టణానికి సాసేజ్‌లే పేరు తెచ్చాయి. అక్కడి సౌత్‌సైడ్ మార్కెట్ 1882 నాటిది.

పచ్చి సాసేజ్‌లను 107 నుంచి 120 డిగ్రీల మధ్య గంటన్నర, రెండు గంటలు ఉంచితే చాలు. పందివైతే లోపల 71, కోడివైతే 74 చూపించాలి. ఫోర్కుతో గుచ్చకండి, రసమంతా కారిపోతుంది. వేడి మరీ పెరిగితే పొర పగిలి కొవ్వు నిప్పుల్లో పడి మంట లేస్తుంది. నిప్పును నెమ్మదిగా ఉంచడం నేర్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పాఠం లేదు.

మూడో మెట్టు: పంది జబ్బ

పంది మాంసం తినేవాళ్లకు స్మోకర్ మీద దీన్ని మించిన నేస్తం లేదు. అమెరికా దుకాణాల్లో పోర్క్ బట్ లేదా బోస్టన్ బట్ అని అడిగితే ఇస్తారు. ఎముకతో మూడు నాలుగు కిలోలు తూగుతుంది. కండ మధ్య కొవ్వు చారలు నిండుగా ఉంటాయి. నార్త్ కరోలైనాలోని లెక్సింగ్టన్ ఊరి బార్బెక్యూ అంతా ఈ జబ్బ మీదే నడుస్తుంది. వెనిగర్‌లో కాస్త కెచప్ కలిపిన పల్చటి సాస్ అక్కడి తోడు.

రాత్రే ఉప్పు పట్టించండి. పొద్దున్న మిరియాలు, కారం, కొంచెం బెల్లం పొడి అద్ది 121 డిగ్రీల స్మోకర్‌లో పెట్టండి. కిలోకు మూడు గంటల చొప్పున లెక్క వేసుకున్నా, గంట రెండు గంటలు చేతిలో ఉంచుకోవాలి. చుట్టాలను సాయంత్రం ఆరింటికి పిలిస్తే నాలుగింటికే వంట ముగిసేలా చూసుకోండి.

కొత్తవాళ్లు బెంబేలెత్తేది నడిమధ్యలో. లోపలి వేడి చకచకా పెరిగి, 65, 70 డిగ్రీల దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి మూడు నాలుగు గంటలు ముల్లు కదలదు. నిప్పు చచ్చిందనుకుని బొగ్గులు కుమ్మరిస్తారు. నిజానికి ఏమీ చెడలేదు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, మాంసం పైకి ఊరే తడి ఆవిరవుతూ పొయ్యి ఇచ్చే వేడిని లాగేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ప్రయోగాలు చేసి తేల్చిన సంగతి ఇది. తడి తగ్గాక ముల్లు దానంతటదే కదులుతుంది. అంతదాకా ఆగలేకపోతే ముక్కను ఫాయిల్‌లో బిగుతుగా చుట్టి మళ్లీ లోపల పెట్టండి. ఆవిరి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి వేడి మళ్లీ ఎక్కుతుంది.

ఎనిమిది గంటలు దాటేసరికి జబ్బ పైభాగం నల్లగా, గరుకుగా తయారవుతుంది. మాడిందని కంగారు పడొద్దు. మసాలా, మాంసం రసం, పొగ కలిసి కట్టిన పెచ్చు అది. తినేవాళ్లు ముందు చెయ్యి చాపేది దానికే. 93 నుంచి 96 డిగ్రీల మధ్యకు వచ్చాక ములుకు ఎక్కడ గుచ్చినా అడ్డు లేకుండా దిగాలి. మందపాటి గుడ్డతో జబ్బ ఎముకను పట్టి లాగితే పిసరు మాంసం అంటుకోకుండా ఊడి వస్తుంది. అలా వస్తే ఉడికినట్టే.

వెంటనే విడదీయకండి. ఫాయిల్‌లో చుట్టి, తువ్వాలు కప్పి, ఖాళీ కూలర్ పెట్టెలో గంటసేపు ఉంచండి. తర్వాత రెండు ఫోర్కులతో పీకితే పోగులు పోగులుగా విడుతుంది. లోపల అంచు వెంట గులాబీ రంగు గీత కనిపిస్తే పచ్చిగా ఉందని అనుకోవద్దు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిస్తే వచ్చే రంగు అది. మిగిలిన మాంసాన్ని పొట్లాలుగా ఫ్రీజర్‌లో దాచుకుని, కావాల్సినప్పుడు ఉల్లిపాయ, కరివేపాకు, మిరియాలతో వేపుడు చేసుకోవచ్చు. పప్పన్నంలోకి దివ్యంగా ఉంటుంది.

పంది వద్దనుకుంటే పొట్టేలు

పంది తినని ఇళ్లలో ఆ స్థానం పొట్టేలు జబ్బది. గొర్రె మాంసంలో కొవ్వు ఉంటుంది కాబట్టి పంది జబ్బ లెక్కే దాదాపు సరిపోతుంది, ముక్క చిన్నది కాబట్టి సమయం తగ్గుతుంది. మేక అలా కాదు. కొవ్వు తక్కువ, పొగలోనే చివరిదాకా ఉంచితే ఎండిపోతుంది. 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు పొగపట్టించి, ఆపైన లోతైన ట్రేలో ఉల్లిపాయలు, ఎముకల రసం పోసి ఫాయిల్‌తో మూసి, మెత్తబడేదాకా వండాలి. అమెరికాలోని హలాల్ కొట్లలో మేక మాంసాన్ని అడగకముందే కూర ముక్కలుగా కొట్టేస్తారు. జబ్బ మొత్తం కొయ్యకుండా ఇవ్వమని ముందే చెప్పాలి.

పంది పక్కటెముకలు, టర్కీ రొమ్ము, సాల్మన్ చేప ఆ తర్వాతి మెట్లు. పక్కటెముకలకు ఐదారు గంటలు పడుతుంది, ఎముకల మధ్య థర్మామీటర్ గుచ్చడం కష్టం కాబట్టి చూపుతో పసిగట్టడం రావాలి. టర్కీ రొమ్మును ముందు రోజు ఉప్పు నీళ్లలో నానబెడితే ఎండదు. సాల్మన్‌కు ఉప్పు, పంచదార పట్టించి, కడిగి, పైన జిగురు పొర కట్టేదాకా ఫ్రిజ్‌లో ఆరబెట్టి పొగబెడతారు. గంట అటూ ఇటూగా అయిపోతుంది.

పొగ రంగు చూడండి

మాంసం ఎంత మంచిదైనా పొగ చెడ్డదైతే వృథా. బొగ్గు అంటించగానే వచ్చే దట్టమైన తెల్ల పొగ సరిగా మండని కట్టె గుర్తు. అందులో పెట్టిన మాంసం చేదెక్కి నాలుక మొద్దుబారుతుంది. ఇరవై నిమిషాలు ఆగితే పొగ పల్చబడి లేత నీలంగా మారుతుంది. ఒక్కోసారి కంటికి ఆనదు కూడా. మాంసం పెట్టాల్సింది అప్పుడు. పై కంత తెరిచే ఉంచి, కింది కంతతో గాలిని, అంటే వేడిని అదుపు చేయాలి. మూత ఎన్నిసార్లు తీస్తే వంట అంత ఆలస్యమవుతుంది.

కట్టె ముక్కలను నీళ్లలో నానబెట్టమని చాలామంది చెబుతారు. నీరు గట్టి కట్టెలోకి పెద్దగా ఇంకదు, పైతడి ఆవిరయ్యేదాకా పొగే రాదు. ఎండు కట్టె పిడికిలంత ముక్కలు రెండు మూడు చాలు.

కోడికి యాపిల్, చెర్రీ. పందికి హికరీ. పొట్టేలుకు ఓక్. టెక్సస్‌లో మెస్కీట్ కట్టె మోజు ఎక్కువ. అది మనకు పరాయి చెట్టేమీ కాదు, అనంతపురం నుంచి నెల్లూరు దాకా బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఆ కుటుంబానిదే. రెండిటి నిప్పూ తీవ్రమే. మెస్కీట్ పొగ ఘాటు కాబట్టి గంటల తరబడి సాగే వంటకు కొత్తవాళ్లు వాడకపోవడం మేలు. మన ఊళ్లో చేసేవాళ్లకు బాగా ఎండిన మామిడి, జామ కట్టెలు దొరుకుతాయి. జిగురు కారే పైన్ జాతి మెత్త కట్టెలు, దేవదారు, నీలగిరి, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ వాడకూడదు. విషపూరితమైన గన్నేరు కట్టె అసలే వద్దు.

చేతిలో ఉండాల్సిన అంకెలు

- కోడి తొడలు: స్మోకర్ వేడి 135 డిగ్రీలు, గంట నుంచి గంటన్నర, లోపల 80 నుంచి 85
- మొత్తం కోడి, పరిచి పెడితే: 135 డిగ్రీలు, రెండు నుంచి మూడు గంటలు, రొమ్ములో 74
- సాసేజ్‌లు: 107 నుంచి 120 డిగ్రీలు, గంటన్నర నుంచి రెండు గంటలు, పందికి 71, కోడికి 74
- పంది జబ్బ: 121 డిగ్రీలు, పది నుంచి పద్నాలుగు గంటలు, లోపల 93 నుంచి 96
- సాల్మన్: 107 డిగ్రీలు, గంట అటూ ఇటూ, లోపల 63

గంటలన్నీ అంచనాకే. గాలి, చలి, ముక్క మందాన్ని బట్టి మారతాయి. లోపలి వేడి మాత్రం మారదు.

మంట, గాలి, తిండి

బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాన పడుతోందని గ్యారేజీలోకో, వరండాలోకో జరిపితే ప్రాణాల మీదికి వస్తుంది. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లు బాల్కనీలో బొగ్గు పొయ్యి పెట్టనివ్వవు. లీజు కాగితం చదివాకే కొనండి. గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రిజ్‌లో పూర్తిగా కరిగించాకే పెట్టాలి. వండిన మాంసాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. బూడిద మర్నాటి దాకా వేడిగా ఉంటుంది కాబట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోయాలి.

ఇది రోజువారీ తిండి కూడా కాదు. పొగబెట్టి, ఉప్పు పట్టించి నిల్వ చేసే మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. నెలకో పండగపూట నలుగురితో కలిసి తినడానికైతే సరిపోతుంది.

స్మోకర్ ఏదైనా ఫరవాలేదు. కరెంటుతో నడిచేది, చెక్క గుళికలు వేసేది కొత్తవాళ్లకు హాయి. బొగ్గుది చవక, నేర్పించేది ఎక్కువ. మూత ఉన్న మామూలు గుండ్రటి గ్రిల్‌లోనూ బొగ్గులను ఒక పక్కకు నెట్టి, రెండో పక్క తొడలు పెట్టి ఇదే వంట చేయొచ్చు. పరికరం మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని మాంసంలో గుచ్చే మంచి డిజిటల్ థర్మామీటర్ కొనండి. మూత మీద బిగించి ఇచ్చే ముల్లును నమ్మొద్దు, అది మాంసం ఉన్నచోటి వేడి చెప్పదు. వచ్చే శనివారం ఎనిమిది కోడి తొడలు, రెండు యాపిల్ కట్టె ముక్కలు, ఒక థర్మామీటర్ సిద్ధం చేసుకోండి. మూడిట్లో ఒకటి వాయిదా వేయక తప్పకపోతే కట్టెను వాయిదా వేయండి, థర్మామీటర్‌ను మాత్రం కాదు.